పని చేతులకు ఒక తొట్టి

వంటింటి సింకు చేసే పని వేరు, పనిచోట కట్టుకునే తొట్టి చేసే పని వేరు. వంటింట్లో గిన్నెలు, పళ్లేలు, బియ్యం కడిగిన నీళ్లు. షెడ్డులో అయితే గ్రీజు పట్టిన చేతులు, సిమెంటు అంటిన తాపీలు, బురద కొట్టుకున్న పంపుసెట్టు విడిభాగాలు, రంగు బక్కెట్లు, తడిసి బరువెక్కిన నూలు చిలపలు. ఒక ఇనుప సామాను చేయి జారి పడినా పగలకూడదు. రెండు బిందెల నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించినా నేల మీదికి పొర్లకూడదు. మసిగుడ్డ ఉతికినా, ఇసుక కడిగినా కింద గొట్టం పూడుకుపోకూడదు. ఇంత ఓర్చుకునే తొట్టి లోతుగా, మందంగా, బరువుగా ఉండి తీరాలి.

ఆలంపూర్ చుట్టుపక్కల ఈ అవసరం ఎక్కువే. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో చాలా ఇళ్లకు ఇల్లే కార్ఖానా. గద్వాల, రాజోలి వైపు మగ్గం ఇంట్లోనే ఉంటుంది. ముందుగదిలో గుంట మగ్గం, వెనక వంట, మధ్యలో పిల్లల చదువు. పత్తి విత్తనం పండించే ఊళ్లలో మందు కొట్టే పంపు, ఖాళీ డబ్బాలు, గొట్టాలు దొడ్డి గోడకు ఆనించి ఉంటాయి. రోడ్డు మీది ఊళ్లలో ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి బండ్లు బాగుచేసేవాళ్లు, మోటార్లకు వైండింగు చేసేవాళ్లు ఉన్నారు. ఈ ఇళ్లన్నిటికీ మగ్గమో, రెంచీలో, స్ప్రేయరో ఉంటాయి. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి మాత్రం వేరే చోటు అరుదు. రంగు చేతులతో, మందు చేతులతో ఇంట్లోకి వచ్చి తాగునీళ్ల బిందెలో చెంబు ముంచాల్సి వస్తుంది. లేదంటే జాలారి దగ్గర, గిన్నెలు తోమే చోటే ఆయిలు గుడ్డలు ఉతకాల్సి వస్తుంది.

దీన్ని చిన్న అసౌకర్యంగా చూడడం సరికాదు. పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. పాత బ్యాటరీలు విప్పే చేతులకు సీసం దుమ్ము అంటుకుంటుంది. ఆ చేయి అన్నం ముద్ద కలిపినా, పసిపిల్లను ఎత్తుకున్నా ఆ విషం ఇంటిల్లిపాదికీ చేరుతుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు గడప దాటకముందే కాళ్లు కడుక్కునేందుకు వాకిట్లో గోలెం నిండా నీళ్లు ఉంచడం ఈ ప్రాంతపు పాత అలవాటు. పొలం నుంచి వచ్చిన మట్టి వాకిట్లోనే ఆగిపోయేది. ఇప్పుడు పనే ఇంట్లోకి వచ్చింది కాబట్టి పనికీ ఇంటికీ నడుమ ఆ గోలెం చోటు ఏదో ఒకటి నింపాలి. పనిచోట తొట్టి అందుకే. షెడ్డులో నుంచి ఇంట్లోకి వచ్చే తలుపు పక్కన, వచ్చేవాళ్లకు మొదట తగిలే చోట అది ఉండాలి. షెడ్డు మూలన, సామాను వెనక పెడితే ఎవరూ అక్కడిదాకా వెళ్లరు.

తలుపు పక్కన అన్నది మనుషుల వైపు నుంచి చూసిన లెక్క. నీళ్ల వైపు నుంచి చూసే లెక్క ఇంకొకటి ఉంది, పెట్టుబడి ఖర్చు దాని మీదే ఆధారపడుతుంది. నీళ్లు ఎటు పోవాలో తేలాకే తొట్టి ఎక్కడో తేలాలి. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు: దుకాణంలో తొట్టి కొంటారు, నల్లా దగ్గర పెడతారు, చివరికి గొట్టం ఎటు తీయాలా అని గోడలు చూస్తారు. అప్పుడు గచ్చు పగలగొట్టాలి, లేదా వాటం లేని గొట్టంతో జీవితమంతా సర్దుకుపోవాలి.

ఆలంపూర్ లోనే ఇందుకు మంచి పాఠం ఉంది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడివే. శైవాలయంలో అభిషేకపు నీళ్లు రోజూ పడతాయి, చీకటి గర్భగుడిలో అవి నిలవకూడదు. లింగం కింది పానవట్టం ఒక పక్కకు ముక్కులా సాగి నీళ్లను ఒకే దిక్కుకు నడుపుతుంది. అక్కడి నుంచి గోడ గుండా రాతి ప్రణాళం బయటికి తీస్తారు. తూర్పు ముఖం గుడికి అది మామూలుగా ఉత్తరపు గోడలో ఉంటుంది. ఆ ప్రణాళం గోడ దాటి కొంత ముందుకు పొడుచుకొని ఉండడం గమనించదగ్గది. నీళ్లు గోడను నాకుతూ దిగకుండా దూరంగా పడడానికే ఆ ఏర్పాటు. అలా లేకపోతే పునాది రాళ్ల సందుల్లో తేమ చేరుతుంది. ప్రదక్షిణ చేసేవాళ్లు సోమసూత్రాన్ని, అంటే ఆ నీళ్లు పోయే కాలువను, దాటకూడదన్న ఆచారం వల్ల ఆ నీళ్ల దారి ఎవరి కాలికీ అడ్డం లేకుండా, ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది. తొట్టి కట్టే మేస్త్రికి ఈ మూడూ కావాలి: ఒకే దిక్కుకు వాటం, గోడకు తగలని ముక్కు, కంటికి కనబడే దారి.

ఇక తొట్టి దేనితో చేయాలన్నది. తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడి నుంచి బేతంచెర్ల నాపరాళ్లు దగ్గర. కడప బండలు, షాబాద్ బండలు కూడా ఈ ప్రాంతంలో ఏ బండల దుకాణంలోనైనా దొరుకుతాయి. నాలుగు పలకలు నిలబెట్టి, ఒకటి అడుగున పరిచి తొట్టి కట్టడం ఇక్కడి మేస్త్రులకు వచ్చిన విద్యే. పశువుల తొట్టి నుంచి జాలారి హౌజు దాకా అదే పద్ధతి. చవకగా, గట్టిగా వస్తుంది. అయితే ఈ రాళ్లన్నీ సున్నపురాతి జాతివి. సున్నపురాయికి ఆమ్లం పడదు. బాత్‌రూములు కడిగే యాసిడ్ పడితే బుస్సుమని నురగ వస్తుంది, నునుపు పోయి గరుకు తేలుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి. పట్టుకు వేసే యాసిడ్ రంగుల్లో ఎసిటిక్ ఆమ్లం కలుపుతారు కాబట్టి అద్దకం ఇంటికి నాపరాతి తొట్టి తగదు. గరుకెక్కిన రాయిలో ఎరుపు ఒకసారి దిగిందంటే తర్వాత కడిగే తెల్ల నూలుకు ఆ ఛాయ పట్టుకుంటుంది. మెకానిక్ షెడ్డుకు, తాపీ పనికి, పొలం సామానుకు మాత్రం నాపరాయి బాగా పనికొస్తుంది.

అద్దకానికి గ్రానైటు పలకలు మేలు. ఎసిటిక్ ఆమ్లం దాన్ని ఏమీ చేయదు. పలకల సందులను సిమెంటుతో నింపితే ఆ సిమెంటునే ఆమ్లం తినేస్తుంది కనుక అక్కడ ఎపాక్సీ వాడాలి. స్టీలు తొట్టి తేలిక, శుభ్రం చేయడం సులువు. 304 రకం, ఒక మిల్లీమీటరుకు తగ్గని మందం ఉన్నది తీసుకోవాలి. పలచటి రేకు తొట్టి నీళ్లు పడ్డప్పుడల్లా మోగుతుంది, సుత్తి పడితే సొట్ట పోతుంది. స్టీలుకు శత్రువు బ్లీచింగ్ పౌడరు. అందులోని క్లోరిన్ రాత్రంతా నిలిస్తే సన్నటి గుంటలు పడతాయి. పింగాణీ తొట్టి చూడముచ్చటైనది, కాని మరిగే నీళ్లు, చన్నీళ్లు మార్చి మార్చి పడే చోట, ఇనుము పడే చోట అది నిలవదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో బట్టలుతికే గదిలోనో, గరాజులోనో కాళ్ల మీద నిలబడే లోతైన ప్లాస్టిక్ తొట్టి తరచు కనబడుతుంది. తేలికైనదే, ఆమ్లానికి తట్టుకుంటుంది. ఇక్కడి ఎండలో ఆరుబయట పెడితే మాత్రం పెళుసెక్కుతుంది.

బరువు లెక్క ముందే వేసుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 30 లోతు ఉన్న తొట్టి నిండా 81 లీటర్లు పడతాయి, అంటే 81 కిలోలు. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైటు చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది. ఈ కొలతల తొట్టికి అడుగు, నాలుగు పక్కలు కలిపి దాదాపు 0.9 చదరపు మీటరు పలక కావాలి, అది 49 కిలోలు. మొత్తం 130 కిలోలు. దీని మీద అంచుకు ఆనుకొని బరువు మోపే మనిషి, లోపల పడేసిన ఇనుప సామాను. గోడకు రెండు బ్రాకెట్లు కొట్టి దీన్ని వేలాడదీయడం ప్రమాదం. మట్టి గోడకైతే అసలు ఆలోచించకూడదు. పాత ఇళ్లలో రాతి వరసల నడుమ మట్టే ఉంటుంది, అందులో మేకు పట్టు దొరకదు. రెండు ఇటుక దిమ్మెలు నేల మీది నుంచి కట్టి, వాటి మీద తొట్టి కూర్చోబెట్టడం ఒక్కటే నమ్మకమైన దారి. దిమ్మెల కింద గచ్చు మాత్రమే ఉంటే చాలదు, దాన్ని తవ్వి కాంక్రీటు పోయాలి. షెడ్డు నేల చాలా చోట్ల నల్లరేగడి మీద ఉంటుంది. రేగడి వానాకాలం ఉబ్బి ఎండాకాలం పగుళ్లిస్తుంది, దాని మీద తేలికగా నిలబెట్టిన దిమ్మె రెండేళ్లలో ఒరుగుతుంది. దిమ్మెల నడుమ చోటు మూసేయకుండా వదలాలి, కింద గొట్టాలకు చేయి పట్టాలి.

ఎత్తు విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ ఉతకడం, తోమడం తరతరాలుగా కూర్చుని చేసే పనులు. జాలారి నేలకు కొంచెం కిందనే ఉంటుంది. నిలబడి చేసే తొట్టి దగ్గర ఒళ్లు వంగే తీరే మారుతుంది. అంచు 34 అంగుళాల ఎత్తులో, లోతు 14 అంగుళాలు ఉందంటే అడుగు నేలకు 20 అంగుళాల పైనే ఉంటుంది, దాన్ని అందుకోవడానికి నడుం వంచాలి. రోజుకు రెండు గంటలు అలా వంగితే నడుంనొప్పి తప్పదు. వాడేవాళ్ల మోచేతికి జానెడు కిందకు అంచు వచ్చేలా కట్టాలి, లోతు 10 లేదా 12 అంగుళాలకు మించకుండా చూడాలి. మరీ లోతు కావాలంటే లోపల టేకు చెక్కల పలక ఒకటి వేసుకొని దాని మీద పని చేయవచ్చు, బరువులు నానబెట్టేటప్పుడు తీసేయవచ్చు. కొలత తీసేటప్పుడు ఇంటి పెద్దమనిషి ఎత్తు కాకుండా, రోజూ నిలబడేవాళ్ల ఎత్తు చూడాలి. అద్దకం, ఉతుకుడు చాలా ఇళ్లలో ఆడవాళ్లే చేస్తారు, తొట్టి ఎత్తు మాత్రం మేస్త్రీ, మగవాళ్లూ మాట్లాడుకుని తేలుస్తారు. ఇది మారాలి.

బయటికి పోయే దారి దగ్గర మనసు పెట్టాలి. వాష్‌బేసిన్లకు వాడే 32 మిల్లీమీటర్ల కప్లింగు ఇక్కడ చాలదు, 50 మిల్లీమీటర్ల గొట్టం వేయాలి. తొట్టి అడుగు నాలుగు వైపుల నుంచీ బొక్క వైపుకు వాలి ఉండాలి. రసమట్టం పెట్టి చూసుకుంటే తప్ప కంటితో తెలియదు. బొక్క మీద విప్పి తీయగల జాలీ, దాని కింద ట్రాప్. గొట్టం వంపులో కొద్దిగా నీళ్లు ఎప్పుడూ నిలిచి మోరీ వాసన, బొద్దింకలు పైకి రాకుండా అడ్డుకోవడమే ట్రాప్ పని. ఈ వంపును 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ పాయిఖానా కోసం పేటెంటు చేయించాడు, నేటికీ ప్రతి ఇంట్లో అదే సూత్రం. నిలిచే నీళ్ల లోతు రెండు అంగుళాలు ఉండాలి. బాటిల్ ట్రాప్ చూడ్డానికి ముచ్చటగా ఉన్నా ఇసుక, దారప్పోగులు దాని గిన్నెలో పేరుకుంటాయి. కింద మూత విప్పే మామూలు పి ట్రాప్ మంచిది. ఆ తర్వాత గొట్టానికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం. 12 అడుగులు పోయేసరికి 3 అంగుళాలు దిగాలి. మలుపుల దగ్గర నిటారు ఎల్బో వేయకుండా రెండు అర వంపులు వేస్తే చెత్త ఆగదు, ఒక టీ పెట్టి మూత బిగిస్తే కడ్డీ పెట్టి పొడవడానికి దారి ఉంటుంది.

గొట్టం రకం దగ్గర అద్దకం ఇళ్లు చాలా నష్టపోతాయి. పట్టు నూలుకు సహజంగా ఉండే బంక దాని బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడికించి దాన్ని తీశాకే రంగు పడుతుంది. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. ఆ పట్టుకు ఈ ఉడుకు తప్పదు. ఉడికిన నీళ్లను అలాగే తొట్టిలో పోస్తే మామూలు పివిసి గొట్టం మెత్తబడి నడుమ కిందికి జారుతుంది, జారిన చోట మురికి నిలుస్తుంది. ముడతల గొట్టమైతే ఇంకా త్వరగా పోతుంది. వేడి నీళ్లకు తట్టుకునే సిపివిసి గొట్టం వేయాలి, లేదా నీళ్లు బక్కెట్లో చల్లారాక పోయాలి. రెండూ చేయడం ఉత్తమం.

నీళ్లు గోడ దాటాక బాధ్యత తీరిపోదు. చేతులు, కాళ్లు, సబ్బు బట్టలు కడిగిన నీళ్లయితే అరటి చెట్ల పాదుకు పంపవచ్చు, రాళ్లు పేర్చిన ఇంకుడు గుంతకు పంపవచ్చు. గుంత బావికీ, బోరుకూ కనీసం 50, 60 అడుగుల దూరంలో ఉండాలి. మెకానిక్ తొట్టి నీళ్లకు ముందు రెండు గదుల చిన్న హౌజు కట్టాలి. మొదటి గదిలో మట్టి అడుక్కు దిగుతుంది, ఆయిలు పైకి తేలుతుంది. రెండో గదికి పోయే గొట్టం మొదటి గది మధ్య లోతు నుంచి తీస్తే తేలిన ఆయిలూ, దిగిన మట్టీ అక్కడే ఆగిపోతాయి. చాలామంది గ్రీజు పోవడానికి పెట్రోలుతో, డీజిలుతో చేతులు రుద్దుకుంటారు. అది చర్మంలోని సహజమైన జిడ్డును లాగేసి పగుళ్లు తెస్తుంది, మోరీలోకి పోయిన పెట్రోలు ఆవిరి అగ్గిపుల్లకు అంటుకుంటుంది. సబ్బుపొడిలో రంపపు పొట్టు కలిపి రుద్దితే గ్రీజు అంతే బాగా వదులుతుంది. తొట్టి అంచున దానికో డబ్బా పెడితే పెట్రోలు జోలికి ఎవరూ పోరు.

రంగు నీళ్ల సంగతి కష్టమైనది, దాచిపెట్టి లాభం లేదు. పత్తి నూలుకు వేసే రియాక్టివ్ రంగుల్లో గణనీయమైన భాగం నూలును పట్టకుండా కడుగునీళ్లలోనే పోతుంది, రంగు ఎక్కడానికి వేసిన ఉప్పు మొత్తం అందులోనే ఉంటుంది. ఇంకుడు గుంతకు పంపితే ఉప్పు భూమిలోకి దిగి పక్క ఇంటి బోరులో తేలుతుంది. మోరీకి పంపితే నదికి. ఒక ఇంటి తొట్టితో ఇది తీరేది కాదు. అద్దకం చేసేవాళ్లంతా ఒకచోట చేరి ఉమ్మడి శుద్ధి ఏర్పాటు చేసుకోవాలి. అంతదాకా ఇల్లు చేయగలిగింది ఉంది. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత అన్న వరసలో అద్దితే మిగిలిన నీళ్లే తర్వాతి చిలపలకు పనికొస్తాయి, పారబోసేది తగ్గుతుంది. మిగిలినదాన్ని సిమెంటు పూసిన వెడల్పాటి లోతులేని తొట్టిలో ఎండబెడితే నడిగడ్డ వేసవికి అడుగున పొడి మాత్రమే మిగులుతుంది. మందు కొట్టే పంపు కడిగిన నీళ్లు మాత్రం తొట్టిలోకి రానే కూడదు. పొలంలోనే రెండుమూడు సార్లు పంపులో నీళ్లు ఊపి, ఆ నీళ్లను అదే చేను మీద కొట్టి రావాలి. ఇంటి తొట్టి చేతులకూ, ముఖానికీ, పైన తొడుక్కున్న చొక్కాకూ.

నది పక్క ఊళ్లకు ఇంకో జాగ్రత్త. 2009 అక్టోబరు తొలినాళ్లలో తుంగభద్ర వరద కర్నూలును, ఆలంపూర్‌ను, రాజోలిని ముంచింది. అలాంటి వేళ మోరీలు ఎదురు పారుతాయి. వాకిలి ముందు నీళ్లు రాకముందే తొట్టి బొక్కలో నుంచి మురుగు పైకి తన్నుతుంది. బయటి గొట్టం చివర ఒకే వైపు తెరుచుకునే వాల్వు పెడితే ఆ రాక ఆగుతుంది. ఖర్చు కొద్దిపాటిది.

లోపలికి వచ్చే నీళ్లు రెండు రకాలు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడానికీ వంటకూ, వాటితో స్పానర్లు కడగడం అన్యాయం. పనిచోటికి బోరు నీళ్లు వేసుకోవాలి. ఈ మెట్ట ప్రాంతాల బోరు నీళ్లు తరచు కఠినంగా ఉంటాయి. సబ్బు నురగదు, నల్లా మూతికి తెల్లటి పొర కడుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకే అద్దకం ఇళ్లు వాననీళ్లు పట్టుకుని రంగు కలపడానికి దాచుకోవడం మేలు. నల్లా మూతి తొట్టి అంచుకు కనీసం రెండు అంగుళాల పైన ఉండాలి, దానికి తగిలించిన రబ్బరు గొట్టం కొస తొట్టి నీళ్లలో మునిగి ఉండకూడదు. ఎవరైనా వీధి నల్లానే తొట్టికి కలిపితే ఇది మరీ ముఖ్యం, ఆ నల్లా వచ్చేది రోజుకు కొన్ని గంటలే. నీళ్లు ఆగినప్పుడు గొట్టాల్లో ఖాళీ ఏర్పడి, మునిగిన కొస నుంచి రంగు నీళ్లను వెనక్కి పీల్చుకుంటుంది. మర్నాడు అవే వీధిలో నాలుగు ఇళ్ల బిందెల్లో పడతాయి.

బిగింపంతా విప్పుకునేలా ఉండాలి. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్‌లో తిరిగి నిలబెట్టగలిగారంటే, అది రాళ్లను ఒకదాని మీద ఒకటి పొందికగా కూర్చిన కట్టుబడి కావడం వల్లే. నల్లా దగ్గర, ట్రాప్ దగ్గర విప్పి బిగించుకునే యూనియన్లు పెట్టుకోవాలి. గొట్టాన్ని దిమ్మెలో పూడ్చి సిమెంటు వేయకూడదు.

కట్టడం అయ్యాక ఎపాక్సీ ఆరడానికి ఒక రోజు, సిమెంటు పనికి వారం తడి. ఆపై బొక్క మూసి, తొట్టి నిండా నీళ్లు పోసి, నీటిమట్టం దగ్గర పెన్సిలు గీత గీసి రాత్రంతా వదిలేయాలి. గీత దిగితే లీకు ఉన్నట్టు. మర్నాడు మూత ఒక్కసారిగా తీసి, నీళ్లు గలగలమంటూ ఆగి ఆగి పోతున్నాయా, ఒకే ధారగా పోతున్నాయా చూడాలి. ఆగి పోతే గాలి గొట్టం కావాలి. అది లేకపోతే పెద్ద ధార పోతూ పోతూ ట్రాప్‌లోని నీళ్లను కూడా లాక్కుపోతుంది. తర్వాత చేయాల్సింది నెలకోసారి జాలీ తీసి దారప్పోగులు ఏరడం, మూడు నెలలకోసారి ట్రాప్ మూత విప్పి ఇసుక తీయడం. ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లకో ఊళ్లకో వెళ్లి షెడ్డు రోజుల తరబడి మూసి ఉంటే ట్రాప్‌లో నిలిచిన నీళ్లు ఎండిపోయి మోరీ వాసన లోపలికి వస్తుంది. వెళ్లేముందు ఒక చెంబు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే ఆ నూనె పొర నీళ్లను ఆవిరి కానివ్వదు.